బైబిల్లో ఉండిపోయిన స్కాన్ చీటీ

నా పని

నేను డాక్టర్ని కాదు. ఈ మాట ముప్ఫై ఏళ్ళపాటు బస్సుల్లో, పెళ్ళిళ్ళలో, చర్చి మెట్ల మీద చెబుతూనే ఉన్నాను. ఒక్కరూ నమ్మలేదు. "స్కాన్ల ఆఫీసులో చేస్తారటగా, ఒకసారి ఇది చూసి పెట్టండి" అంటూ గుడివాడ బస్టాండులో ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా కవర్లోంచి ఫిల్ము తీసి నా చేతిలో పెట్టేవారు. నేను దాన్ని వెలుతురుకి పట్టుకుని, తల పంకించి, "డాక్టరు గారికి చూపించండి" అని తిరిగి ఇచ్చేవాణ్ణి. తలకిందులుగా పట్టుకున్నానని ఒకాయన నాకే చెప్పాడు.

ఫిల్ము చదవడం నాకు రాదు. అసలు తీయని ఫిల్ములను వెతకడం నా పని. ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్, సీటీ, ఎమ్మారై లాంటి పరీక్షలు అవసరం లేకపోయినా ఎవరికి జరుగుతున్నాయి, అవసరమై కూడా ఎవరికి జరగడం లేదు, ఎందుకు జరగడం లేదు? ఊరూరా తిరిగి ఇది రాసుకురావాలి. విజయవాడలో ఒక చిన్న పరిశోధన సంస్థ మాది. మా నివేదికలు చూసి ప్రభుత్వం మిషన్లు ఎక్కడ పెట్టాలో, రోగుల్ని తీసుకెళ్ళే బళ్ళు ఎక్కడికి పంపాలో కొంతవరకు నిర్ణయించేది. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ నా వంతుకు వచ్చాయి.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి "మీ అనుభవాలు చెప్పండి సార్" అంటారు. ప్రమోషన్ల గురించి నాకు చెప్పాలని లేదు, మీకు వినాలనీ ఉండదు. ముందుగా ఒకటి మాత్రం చెబుతాను. ఇది ఒంటరి ఉద్యోగం. మీరు వైద్యం చెయ్యరు కాబట్టి ఊళ్ళోవాళ్ళకి అక్కర్లేదు. తప్పులు పట్టడానికొచ్చారని ఆసుపత్రివాళ్ళు దగ్గరికి రానివ్వరు. ఎప్పుడూ ఊళ్ళు పట్టుకుని తిరుగుతారు కాబట్టి ఆఫీసులో మీ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు. లాడ్జి గదిలో ఫారాలు సర్దుకుంటూ హోటల్ నుంచి తెచ్చుకున్న అన్నం ఒక్కణ్ణే తినడం నాకు అలవాటైపోయింది. అలవాటైందన్నానే గాని, ఇష్టమైందనలేదు.

బీరువా నిండా ఫిల్ములు

పెదపారుపూడి దగ్గర రాఘవయ్య గారని ఒక రైతు ఉండేవారు. నడుం నొప్పికి మూడుసార్లు ఎమ్మారై తీయించుకున్నారు. మూడుసార్లూ ఏమీ లేదని వచ్చింది. మేము "అనవసరపు స్కాన్లు" అని రాసుకునే జాబితాలో ఆయన మొదటివారు. ఎందుకు తీయించుకున్నారో అడగడానికి వాళ్ళింటికి వెళ్ళాను. బీరువా తలుపు తీసి, పట్టుచీరల పక్కన వరసగా పేర్చిన పెద్ద కవర్లు చూపించారు.

"ఇది తలది, ఇది మెడది, ఈ మూడూ నడుంవి. మా ఆవిడవి కింద అరలో ఉన్నాయండీ" అన్నారు, భూమి పట్టాలు చూపించినంత శ్రద్ధగా.

నేను నవ్వు ఆపుకుంటూ, "ఏమీ లేదని చెప్పాక కూడా మళ్ళీ ఎందుకండీ?" అన్నాను.

ఆయన నొచ్చుకోలేదు. "ఫిల్ము లేకుండా వెళ్తే డాక్టరు గారు రెండు నిమిషాల్లో పంపించేస్తారండీ. నా మొహం కూడా చూడరు. ఫిల్ముంటే దాన్ని లైటు మీద పెట్టి కాసేపు చూస్తారు. ఆ కాసేపట్లో నా బాధ చెప్పుకోవచ్చు" అన్నారు.

ఫారంలో "రోగి ఒత్తిడి వల్ల" అనే గడి ఉంది. అందులో టిక్కు పెట్టి వచ్చేశాను. తరవాత ఆలోచిస్తే ఆయన చెప్పిందాంట్లో ఒత్తిడి ఎక్కడుందో నాకు అర్థం కాలేదు. డబ్బున్నవాళ్ళు సరదాకి స్కాన్లు తీయించుకుంటారని మీకు చాలామంది చెబుతారు. కమిషన్ల కోసం రాసే డాక్టర్లున్నారు, కాదనను. అయినా ఆ బీరువా తలచుకుంటే ఇప్పుడు నాకు నవ్వు రాదు.

ఐదు గడులు

మా డైరెక్టరు గారు మంచి మనిషి. గొంతు పెంచి మాట్లాడగా ఎప్పుడూ వినలేదు. డ్రైవర్ని కూడా "గారు" అని పిలిచేవారు. ఆయనకి ఒక్క పదమంటేనే ఒళ్ళు మంట. "ఇతరం".

మా ఫారంలో "స్కాన్ రాసినా ఎందుకు తీయించుకోలేదు?" అనే ప్రశ్న కింద ఐదు గడులుండేవి. ఖర్చు, దూరం, భయం, నమ్మకాలు, ఇతరం. నమ్మకాలంటే దేవుడో మంత్రమో బాగుచేస్తుందని స్కాన్ వద్దనడం. నివేదిక లెక్కలన్నీ ఈ గడుల్లో పడ్డ టిక్కులే.

"ఇతరం అంటే రోగికి కారణం లేదని కాదండీ, మనకి అడగడం రాలేదని" అనేవారు డైరెక్టరు గారు. మాట సబబుగానే ఉంది. కానీ దాన్నించి మేము నేర్చుకున్నది వేరు. ఎవరి ఫారాల్లో "ఇతరం" ఎక్కువుంటే వాడు సోమరి అని లెక్క. అందుకని రోగి చెప్పింది ఏ గడిలోనూ పట్టకపోతే, దగ్గర్లో ఉన్న గడిలోకి తోసేసేవాళ్ళం. అందరం చేశాం. ఇది తప్పని మాలో ఏ ఒక్కడూ అనుకోలేదు.

నా సంగతి ఇంకొకటి చెప్పాలి. మాది గుడ్లవల్లేరు దగ్గర పల్లె. మా నాన్న మా పేట చర్చిలో పాస్టరు, అమ్మ నాట్లకి వెళ్ళేది. ఆఫీసులో నా పేరు చూసి నేను క్రైస్తవుణ్ణని ఎవరూ పోల్చుకోలేరు, నేనూ చెప్పుకోలేదు. పల్లెల్లో మావాళ్ళు "వందనాలండీ" అంటే, పక్కన ఆఫీసువాళ్ళుంటే "నమస్కారం" అని జవాబిచ్చేవాణ్ణి. ఇది రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. అప్పుడు అదొక తెలివనుకున్నాను.

మరియమ్మ

కోడూరు మండలంలో సర్వేకి వెళ్ళినప్పుడు కూడా ఆఫీసు నుంచి ఒక అధికారి నాతో వచ్చాడు. మరియమ్మకి అప్పుడు నలభై ఉంటాయేమో. రొయ్యలు ఒలిచే షెడ్డుకి కూలికి వెళ్ళేది. ఆమె భర్త ఏసోబు రొయ్యల చెరువుకి కాపలా. ఆమెకి ఎడమ కంటి చూపు మసకబారుతోంది, తలనొప్పి. బందరులో కంటి డాక్టరు చూసి, ఇది అద్దాలతో పోయేది కాదు, తలకి ఎమ్మారై తీయించమని చీటీ రాశాడు. ఖర్చు ప్రభుత్వ కార్డు మీద పోతుంది. చీటీ రాసి నాలుగు నెలలైంది.

"ఎందుకు వెళ్ళలేదమ్మా?"

"వెళ్ళానండీ. తోడు లేకుండా వస్తే తియ్యం అన్నారు. సూదిమందు ఇచ్చి తీస్తారంట, మనిషి వచ్చి సంతకం పెట్టాలంట. మా ఆయన చెరువు వదిలితే కుదరదండీ. కరెంటు పోయి నీళ్ళలో గాలి చక్రాలు ఆగితే రొయ్యంతా చచ్చి తేలిపోద్ది. మా అమ్మాయికి పసిబిడ్డ. చుట్టుపక్కలోళ్ళంతా షెడ్డుకెళ్ళేవాళ్ళే, ఎవర్ని రమ్మంటాం?"

"అయితే మానేశారా?"

"మానెయ్యలేదండీ, ప్రార్థనలో పెట్టాం" అని లోపలికెళ్ళి బైబిలు తెచ్చింది. మధ్యలో మడతపెట్టిన చీటీ ఉంది. తీసి నాకు చూపించి, మళ్ళీ అక్కడే జాగ్రత్తగా పెట్టింది.

మా ఇళ్ళల్లో ఇది ఎరగనివాళ్ళు లేరు. కావలసిన పని ఏదైనా ఆగి ఉంటే దాని కాగితం బైబిల్లో పెడతారు. లోను దరఖాస్తు, పరీక్ష హాల్‌టికెట్టు, ఇంటి స్థలం అర్జీ. పని అయ్యాక తీసేస్తారు. కాగితం అందులో ఉందంటే ఇంకా వదులుకోలేదని, వీలు కోసం చూస్తున్నారని. ఇది మా ఆఫీసులో నాకొక్కడికే తెలుసు.

నా పక్కన నిలబడ్డ అధికారి బైబిలు చూసి చిన్నగా నవ్వాడు. "ప్రార్థనతో తగ్గిపోతుందనుకుంటున్నారన్నమాట" అన్నాడు ఇంగ్లీషులో. కాదండీ అని చెప్పాల్సింది. చెబితే మావాళ్ళని వెనకేసుకొస్తున్నానంటాడేమోనని భయం వేసింది. తోడు అనే గడి ఫారంలో లేదు. "ఇతరం" పెడితే సోమరినవుతాను. కలం "నమ్మకాలు" మీద పడింది. ఆ వారమంతా ఆ మండలంలో అలాంటి బైబిళ్ళు ఇంకా కొన్ని చూశాను. అన్నిటికీ అదే గడి.

శాంత అడిగింది

నా భార్య శాంతకుమారి బందరులో టీచరు. నివేదిక చిత్తుప్రతి ఎప్పుడూ ఆవిడే చదివి తప్పులు దిద్దేది. ఆ ఆదివారం మధ్యాహ్నం చదువుతూ ఒకచోట ఆగిపోయింది.

"ఏమండీ, కోడూరు వైపు మనవాళ్ళు నమ్మకాల వల్ల స్కాన్లు వద్దంటున్నారా? ఎవరు చెప్పారు?"

బైబిల్లో చీటీల సంగతి చెప్పాను.

"మీ ఇంటర్వ్యూ కార్డు అత్తయ్య ఎక్కడ పెట్టింది?" అంది.

బైబిల్లోనే పెట్టింది. "నాకు సహాయము ఎక్కడనుండి వచ్చును" అనే నూట ఇరవై ఒకటో కీర్తన దగ్గర. బస్సు ఛార్జీలకి, మంచి చొక్కాకి దారి దొరికేదాకా మూడు వారాలు అక్కడే ఉంది. "మీరు ఇంటర్వ్యూకి వెళ్ళనన్నారని దానర్థమా?" అంది శాంత. తల కొట్టేసినట్టయింది. చేసిన తప్పు ఒప్పుకోలేక, "నీకు సర్వేల సంగతి తెలియదు" అని కసిరాను. ఆవిడ ఎర్ర పెన్ను మూతపెట్టి కాగితాలు నాకిచ్చేసింది. మిగతా పేజీలు దిద్దలేదు.

నివేదిక అలాగే వెళ్ళింది. అప్పట్లో ప్రభుత్వం దగ్గర రెండు ఆలోచనలుండేవి. ఒకటి, వారానికోసారి దివిసీమ ఊళ్ళనుంచి రోగుల్నీ వాళ్ళ తోడు మనుషుల్నీ బందరు స్కాన్‌కి తీసుకెళ్ళే బండి. రెండోది, అవగాహన సదస్సులు. నమ్మకాలే అడ్డమైతే బండి దండగ కదా. సదస్సులు పెట్టారు.

సదస్సు

కోడూరులో జరిగిన సదస్సుకి నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. స్కాన్ చేయించుకోవడం పాపం కాదని ఒక పాస్టరు గారిచేత చెప్పించారు. పాపమని ఆ ఊళ్ళో ఎవరూ అనలేదు. పాపం, ఆయనకీ ఎందుకు చెబుతున్నారో తెలియదు. ముందు వరసలోంచి మరియమ్మ లేచింది. ఎడమ కన్ను అప్పటికే పోయినట్టుంది, తల పక్కకి తిప్పి మావైపు చూస్తోంది.

"అయ్యా, నేను రానని ఎవరు చెప్పారండీ? తోడు దొరికితే రేపే వస్తా" అంది.

వేదిక మీద ఎవరో "కూర్చోమ్మా, ప్రశ్నలు చివర్లో" అన్నారు. నేను మైకుకి మూడడుగుల దూరంలో ఉన్నాను. కుర్చీలోంచి లేవలేదు.

చెరువులో రొయ్యల పట్టుబడి అయ్యాక ఏసోబు ఆమెని తీసుకెళ్ళాడు. తలలో గడ్డ. కాన్సర్ కాదు. గుంటూరులో ఆపరేషన్ చేసి తీసేశారు, మనిషి బతికింది, రెండు కళ్ళూ పోయాయి. ముందే వచ్చుంటే చూపు నిలిచేదేమోనని డాక్టర్లన్నారట. ఈ కబురు తెలిశాక డైరెక్టరు గారి దగ్గరికెళ్ళి, కోడూరు ఫారాలు తప్పుగా నింపానని చెప్పాను. ఆయన, "ఇప్పుడు సవరణ వేస్తే సర్వే మొత్తం మీద అనుమానం వస్తుందండీ. వచ్చే ఫారంలో తోడు అనే గడి చేర్చండి" అన్నారు. చేర్చాను. దాంతో చేతులు దులుపుకున్నాననుకున్నాను. డైరెక్టరు గారి మీద నాకు కోపం లేదు. ఆయనకి కారణాలు కావాలి, నేను అబద్ధపు కారణం ఇచ్చాను.

నా చీటీ

రిటైరైన మూడో ఏడు శాంత పోయింది. మాకు పిల్లలు లేరు. బందరులో అదే అద్దె ఇంట్లో ఉంటున్నాను. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఊళ్ళు తిరిగి వచ్చి ఎవరితో ఏం మాట్లాడానో చెప్పేవాణ్ణి. ఇప్పుడు రోజంతా గడిచాక చూసుకుంటే పాలబ్బాయితో తప్ప ఎవరితోనూ మాట్లాడి ఉండను.

ఈ మధ్య కుడి చెవి వినపడటం మానేసింది, నడుస్తుంటే తూలు వస్తోంది. డాక్టరు తలకి ఎమ్మారై రాశాడు. స్కాన్ సెంటరులో అమ్మాయి చీటీ తీసుకుని, నా వెనక్కి చూసి, "పేషెంటు తాలూకు ఎవరొచ్చారండీ?" అంది.

"ఎవరూ లేరమ్మా. నేనే సంతకం పెడతాను."

"కుదరదండీ. ఇంజెక్షనిచ్చి తీస్తాం, పెద్దవారు. ఎవర్నైనా తీసుకుని రండి."

ఎవర్ని? ఫోన్లో పేర్లన్నీ చూశాను. పాత సహోద్యోగులు, మందుల షాపు, గ్యాసు. సగం రోజు నాకోసం స్కాన్ సెంటరు బెంచీ మీద కూర్చోమని అడగగలిగిన మనిషి ఒక్కరూ లేరు. ఇంటికొచ్చి చీటీ ఎక్కడ పెట్టాలో తోచక శాంత బైబిల్లో పెట్టాను. రెండు నెలల తరవాత దుమ్ము దులుపుతుంటే కనబడింది. అప్పుడు ఏడ్చాను. భయంతో కాదు. మరియమ్మ ఇల్లు గుర్తొచ్చింది.

మర్నాడు అవనిగడ్డలో బస్సు మారి కోడూరు వెళ్ళాను. మరియమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది, చేత్తో తడుముకుంటూ.

"వందనాలమ్మా" అన్నాను. నేనెవరో చెప్పాను. ఏ గడిలో టిక్కు పెట్టానో, ఎందుకు పెట్టానో, ఆ సదస్సులో ఎందుకు నోరు విప్పలేదో అన్నీ చెప్పాను. ఆమె చేతులు ఆగాయి. లోపల్నించి వచ్చిన ఏసోబు అన్నాడు. "ఆ మీటింగులోళ్ళు తరవాత మళ్ళీ వచ్చారండీ. ఇదిగో, నమ్మకాలు పట్టుకుని స్కాన్‌కి రాకపోతే ఇలా అవుద్ది అని దీన్ని చూపించి చెప్పారు. ఊళ్ళో ఇప్పటికీ అదే మాట. మూర్ఖంగా కూర్చుని కళ్ళు పోగొట్టుకుందంటారు."

ఇది నాకు తెలియదు. కళ్ళు పోవడంతో నా తప్పు అయిపోయిందనుకున్నాను.

"ఇన్నాళ్ళకి ఇప్పుడెందుకు వచ్చారు అన్నయ్య గారూ?" అంది మరియమ్మ.

నా చెవి సంగతి, చీటీ సంగతి చెప్పాను.

"ఎన్నాళ్ళయింది రాసి?"

"రెండు నెలలు."

"ఎక్కడ పెట్టారు?"

"బైబిల్లో."

ఆమె మొదటిసారి నవ్వింది. "అయితే మీకూ నమ్మకాలు ఎక్కువేనన్నమాట" అంది. ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. మళ్ళీ చింతపండు చేతిలోకి తీసుకుని, "బుధవారం ఈయన ఖాళీ. వస్తాంలెండి" అంది.

తోడు

బుధవారం ఇద్దరూ వచ్చారు. ఏసోబుకి ఆ లోపలి ఏసీ పడదని బయట టీకొట్టు దగ్గరే ఉండిపోయాడు. మరియమ్మ నా మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. తూలుతున్నది నేను, కనబడనిది ఆమె. ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో చూసేవాళ్ళకి తెలిసి ఉండదు.

కౌంటరు అమ్మాయి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఈవిడాండీ తోడు? ఈవిడకి కళ్ళు..."

"కళ్ళతో పనేముందమ్మా, మనిషుండాలన్నారుగా. ఉన్నాను" అంది మరియమ్మ.

ఆ అమ్మాయి ఫారం తీసింది. "పేషెంటుకి ఏమవుతారు?" అంది. నేను ఫారం మీదికి వంగి చూశాను. భార్య, భర్త, కొడుకు, కూతురు, ఇతరం అని గడులు కనబడుతున్నాయి. అమ్మాయి తనే "ఇతరం"లో టిక్కు పెట్టి, ఇంకు ప్యాడు జరిపింది. మరియమ్మ బొటనవేలు పట్టుకుని ఆ గడి పక్కన నేనే ముద్ర వేయించాను.

లోపలికి ఇనుమూ బంగారమూ తీసుకెళ్ళనివ్వరు. గడియారం, కళ్ళజోడు, పెళ్ళి ఉంగరం తీసి ఆమె ఒళ్ళో పెట్టాను. గొట్టంలో పడుకున్నంతసేపూ వినపడే ఆ ఒక్క చెవిలో దడదడమని ఒకటే చప్పుడు. ముప్ఫై ఏళ్ళు ఈ మిషన్ల గురించి రాశాను, అందులో పడుకున్నది అదే మొదటిసారి. బయట బెంచీ మీద నాకోసం ఒక మనిషి కూర్చుని ఉందన్న ఒక్క సంగతే పట్టుకుని ఉన్నాను. వచ్చి చూస్తే గడియారం, కళ్ళజోడు ఒళ్ళోనే ఉన్నాయి, ఉంగరం మాత్రం గుప్పిట్లో బిగించి పట్టుకుంది. "చిన్న వస్తువు, జారిపోద్దని" అంది. తరవాత రిపోర్టులో భయపడాల్సిందేమీ లేదన్నారు.

బస్టాండులో కోడూరు వైపు బస్సు ఎక్కించబోతుంటే ఆమె ఆగింది.

"మీ చీటీ తీసేశారుగా బైబిల్లోంచి?"

"తీసేశానమ్మా."

"మరి నాది? మీ పుస్తకంలో నాది ఆ గడిలోనే ఉంది. అది కూడా తీసెయ్యండి."

ఆ నివేదిక మార్చే అధికారం నాకిప్పుడు లేదు. అచ్చైంది, బీరువాల్లోకి వెళ్ళిపోయింది. నాకున్నది ఈ కాగితాలే. మన వృత్తిలో రోగి పేరు బయటపెట్టకూడదు. మార్చి రాయనా అని అడిగితే, "నా పేరే రాయండి, జనానికి తెలియాలిగా" అంది. అందుకని రాస్తున్నాను.

మరియమ్మ, కోడూరు మండలం. తలకి ఎమ్మారై. స్కాన్ వద్దనలేదు. వెళ్ళడానికి తోడు దొరకలేదు. అడిగినప్పుడు ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. తప్పు గడిలో టిక్కు పెట్టింది నేను.